పీహెచ్‌డీ పొజిషన్లకు మెయిల్స్ పెడుతున్నాను, జవాబే రావడం లేదు. ఎక్కడ సరిచేసుకోవాలి?

మొలక:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మాలిక్యులర్ బయాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. థీసిస్ ఈస్ట్‌లో ఆటోఫజీ (కణం తన భాగాలను తానే జీర్ణం చేసుకోవడం) మీద. జీన్ డిలీషన్లు, వెస్టర్న్ బ్లాట్, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపీ సొంతంగా చేసుకోగలను. పేపర్లు ఏమీ లేవు. యూరప్‌లోనో అమెరికాలోనో పీహెచ్‌డీకి చూస్తున్నాను. ప్రొఫెసర్లకు నేరుగా రాస్తున్నాను కానీ దాదాపు ఎవరూ పలకడం లేదు. పంపుతున్న మెయిల్ సారం ఇది:

"గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మకమైన ల్యాబ్‌లో జరుగుతున్న పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. నాకు బయాలజీ అంటే ప్రాణం. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే అవకాశం ఇవ్వగలరని ప్రార్థన."

దీనికి సీవీ, మార్కుల జాబితాలు, సర్టిఫికెట్ల స్కాన్లు జతచేస్తున్నాను. అసలు ఇలా రాయడం పద్ధతేనా, లేక ప్రకటన వచ్చిన వాటికే అప్లై చేయాలా? పేపర్లు లేకపోతే సీవీలో ఏం చూపించాలి? రిఫరెన్స్ లెటర్లు ఎప్పుడు, ఎవరిని అడగాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

వలసపిట్ట:

మెయిల్ సంగతి తర్వాత. ముందు మీరు ఏ దారిలో వెళ్తున్నారో తేల్చుకోండి. మూడు దారులున్నాయి, మూడింటిలోనూ ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ పని వేరు. అన్నిటికీ ఒకే మెయిల్ పెడితే ఏ ఒక్కదానికీ సరిపోదు.

మొదటిది, ల్యాబ్ దగ్గర గ్రాంట్ ఉండి, దాంట్లో ఒక పీహెచ్‌డీ జీతం ముందే రాసి ఉండి, ప్రకటన ఇచ్చే పద్ధతి. యూరప్‌లో ఇది ఎక్కువ. ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. యూరాక్సెస్, నేచర్ కెరీర్స్, అకడమిక్ పొజిషన్స్, ఫైండ్‌ఏపీహెచ్‌డీ లాంటి చోట్ల చూడండి. కొన్ని ప్రకటనలు యూనివర్సిటీ సొంత పేజీలో తప్ప ఇంకెక్కడా కనబడవు కాబట్టి నచ్చిన యూనివర్సిటీల జాబ్స్ పేజీకి అలర్ట్ పెట్టుకోండి. ఇక్కడ ఎంపిక చేసేది పీఐ, అంటే ల్యాబ్ నడిపే ప్రొఫెసర్. ప్రకటనలో "పోర్టల్ ద్వారానే" అని ఉంటే పోర్టల్ ద్వారానే పంపాలి, మెయిల్‌లో పంపినది లెక్కలోకి రాదు. ప్రాజెక్టు గురించి నిజమైన సందేహం ఉంటే మాత్రం ముందుగా చిన్న మెయిల్ పెట్టవచ్చు.

రెండోది గ్రాడ్యుయేట్ స్కూల్ లేదా ప్రోగ్రామ్. జర్మనీలో మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల వాళ్ళ గ్రాడ్యుయేట్ స్కూళ్ళు (ఐఎంపీఆర్‌ఎస్‌లు), అమెరికాలో బయోమెడికల్ ప్రోగ్రామ్‌లు ఈ కోవలోవి. కమిటీ ఎంపిక చేస్తుంది. అమెరికాలో చాలా లైఫ్ సైన్సెస్ ప్రోగ్రామ్‌లలో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లలో రొటేషన్ చేసి, అంటే ఒక్కోచోట కొన్నాళ్ళు పనిచేసి చూసి, ఆ తర్వాతే గైడ్‌ని ఎంచుకుంటారు. అలాంటి చోట ప్రొఫెసర్‌ని "సీటు ఇవ్వండి" అని అడిగితే ఆయన చేతిలో ఏమీ ఉండదు, అందుకే జవాబు రాదు. అక్కడ అడగదగిన మాట ఒక్కటే: "వచ్చే ఏడాది రొటేషన్ విద్యార్థుల్ని తీసుకుంటున్నారా?" అప్లికేషన్లో పేరు రాసిన ముగ్గురు ప్రొఫెసర్లలో ఒకరు రిటైరవుతున్నారని, ఇంకొకరు వేరే చోటికి మారుతున్నారని ముందే తెలిస్తే ఎంత మేలో ఆలోచించండి. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్ మొదట్లో, ఇంటర్వ్యూలు జనవరి నుంచి మార్చి లోపు ఉంటాయి. ఎకాలజీ, ఎవల్యూషన్, కెమిస్ట్రీ విభాగాల్లో కొన్ని నేరుగా ఒక గైడ్ కిందే చేర్చుకుంటాయి. అక్కడ ముందుగా రాసి ఆ గైడ్‌ని ఒప్పించుకోకపోతే అప్లికేషన్ ముందుకు కదలదు.

మూడోది మీ సొంత ఫెలోషిప్‌తో వెళ్ళడం. దీనికి అర్హత నిబంధనలు ముందు చదవాలి. అమెరికా ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. బయటి దేశం నుంచి "నేను దానికి అప్లై చేస్తాను" అని రాస్తే నిబంధన చదవలేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

యూరప్‌లో యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్ పొజిషన్లు విడిగా చూడండి. ఒకే నెట్‌వర్క్‌లో పదీ పదిహేను పొజిషన్లు వేర్వేరు దేశాల్లో ఒకేసారి పడతాయి. నియమం ఏమిటంటే, నియామక తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో నివసించి గానీ, చదివి గానీ, ప్రధానంగా పనిచేసి గానీ ఉండకూడదు. జర్మనీలో రెండేళ్ళ మాస్టర్స్ ఇప్పుడే పూర్తిచేసినవాళ్ళకు జర్మనీ పొజిషన్ కుదరదు, పక్క దేశంలోది కుదురుతుంది. అంతేకాదు, అప్పటికే డాక్టరేట్ ఉండకూడదు. ఈ రెండూ సడలించే నియమాలు కావు. ప్రొఫెసర్ ఎంత ఇష్టపడినా లాభం లేదు.

మీకు వర్తించేది ఇంకొకటి. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు కదా. చాలా చోట్ల చేరే తేదీకి మాస్టర్స్ పూర్తయి ఉంటే చాలు, అప్లై చేసే రోజుకి అక్కర్లేదు. ప్రకటనలో స్పష్టంగా లేకపోతే హెచ్‌ఆర్ లేదా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ని అడగండి. పీఐని కాదు.

అగార్‌ప్లేట్:

మొలక గారూ, మీ మెయిల్‌లో తప్పు మాట ఒక్కటీ లేదు. ఇబ్బంది అదే. అందులో ల్యాబ్ పేరు మార్చి ఏ ప్రొఫెసర్‌కైనా పంపవచ్చు, చదివే మనిషికి అది మూడో పదం దగ్గరే తెలిసిపోతుంది. పైగా "సర్" అంటూ మొదలుపెట్టిన మెయిల్ మహిళా ప్రొఫెసర్ ఇన్‌బాక్స్‌లో పడితే మిగతాది చదవరు. ఇంటిపేరుతో "డియర్ ప్రొఫెసర్ ఫలానా" అనండి, ఎక్కడైనా చెల్లుతుంది.

రాయబోయే ముందు పావుగంట ఖర్చు పెట్టి చూడవలసినది డబ్బు. ల్యాబ్‌కి ఇప్పుడు గ్రాంట్ ఉందా, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది? ఇది రహస్యం కాదు. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళ రిపోర్టర్, యూరోపియన్ యూనియన్ గ్రాంట్లకు కోర్డిస్, జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీకి గెప్రిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్, అన్నీ ఉచితంగా వెతుక్కోవచ్చు. పీఐ పేరు కొడితే ప్రాజెక్టు సారాంశం, ప్రారంభ తేదీ, చాలావాటిలో ముగింపు తేదీ కూడా వస్తాయి. ఈ మధ్యే 5 ఏళ్ళ ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) గ్రాంట్ మొదలైన ల్యాబ్‌కి మనుషులు కావాలి. ఒకే ఒక్క గ్రాంట్ ఉండి అది 8 నెలల్లో అయిపోతున్న ల్యాబ్, మీరు ఎంత బాగా రాసినా, మిమ్మల్ని తీసుకోలేదు. చాలామందికి జవాబు రాకపోవడానికి కారణం తమ మెయిల్ కాదు, అవతల ఖాళీ లేకపోవడం. ఆ ల్యాబ్‌లను ముందే తీసేస్తే మిగిలినవాటికి ఒక్కొక్కదానికీ రెండు గంటలు పెట్టే వీలు చిక్కుతుంది.

గ్రాంట్ సారాంశంలో ఇంకో లాభం ఉంది. అచ్చైన పేపర్ రెండు మూడేళ్ళ కిందటి పని. గ్రాంట్ సారాంశం రాబోయే నాలుగేళ్ళ పని. మీరు చేరితే చేసేది ఆ రెండోది. ప్రీప్రింట్లు కూడా చూడండి, బయోఆర్కైవ్‌లో పీఐ పేరుతో వెతికితే జర్నల్‌లో రావడానికి నెలల ముందే కనబడతాయి.

ఇక మెయిల్. 200 పదాలు దాటకూడదు. ఫోన్ తెరమీద రెండుసార్లు జరిపితే అయిపోవాలి. సబ్జెక్ట్ లైన్‌లో "పీహెచ్‌డీ విచారణ, ఈస్ట్ ఆటోఫజీ నేపథ్యం, సెప్టెంబర్ నుంచి చేరగలను" అన్నంత సమాచారం ఉండాలి. ఒక్క "పీహెచ్‌డీ అప్లికేషన్" అని రాస్తే అది వందలో ఒకటి అయిపోతుంది.

మొదటి వాక్యంలో మీరెవరు, ఎప్పుడు పూర్తవుతుంది, ఏం అడుగుతున్నారు. రెండో పేరాలో మీ థీసిస్ ప్రశ్న, మీకు దొరికిన ఫలితం, రెండు వాక్యాల్లో. "ఆటోఫజీ మీద పనిచేశాను" కాదు. "ఫలానా కైనేజ్ లేని ఈస్ట్‌లో నైట్రోజన్ కరువులో ఆటోఫజీ తగ్గుతుందా అని జీఎఫ్‌పీ-ఏటీజీ8 ప్రాసెసింగ్‌తో (ఆటోఫజీ ప్రొటీన్‌కి తగిలించిన మెరిసే జీఎఫ్‌పీ ఎంత విడిపోయిందో కొలిచి) చూశాను, 2 గంటల దగ్గర తగ్గింది, 6 గంటలకు వైల్డ్ టైప్‌తో సమానమైంది, అంటే మొదలవడం ఆలస్యమవుతోంది గానీ ఆగడం లేదు." ఇలా రాసినవాళ్ళకి తమ డేటా తెలుసని అర్థమవుతుంది.

మూడో పేరా వాళ్ళ పని గురించి. ఇక్కడ పొగడ్త అక్కర్లేదు, సారాంశం అసలే అక్కర్లేదు, ఆ పేపర్ రాసింది వాళ్ళే. ఒక ప్రశ్న అడగండి. వాళ్ళ పేపర్ చదువుతుంటే మీకు నిజంగా తట్టినది: ఈ ప్రభావం ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌ని ఎంచుకుని మింగే ఆటోఫజీలోనూ ఉంటుందా, రాపమైసిన్ ఇచ్చినప్పుడూ ఇలాగే ఉంటుందా, లేక కరువులో మాత్రమేనా? ప్రశ్న గొప్పదై ఉండనక్కర్లేదు. చదివినవాడికి మాత్రమే తట్టేదై ఉండాలి. చివర్లో జవాబు సులువుగా ఇవ్వగలిగే విన్నపం: "వచ్చే ఏడాది కొత్త పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా? ఉంటే ఏ దారిలో అప్లై చేయమంటారు?" ఒక్క ముక్కలో జవాబిచ్చే ప్రశ్నకి ఒక్క ముక్కైనా వస్తుంది.

అటాచ్‌మెంట్ ఒక్కటే, పీడీఎఫ్, సీవీ తర్వాత మార్కుల జాబితా, 2 ఎంబీ లోపు. ఫైలు పేరు మీ ఇంటిపేరుతో మొదలవాలి. "ఫైనల్ కొత్తది 3" అనే ఫైలు వాళ్ళ కంప్యూటర్లో దిగాక ఎవరిదో తెలియదు. సర్టిఫికెట్ల స్కాన్లు, జిప్ ఫైళ్ళు, డ్రైవ్ లింకులు వద్దు. వాటిని స్పామ్ ఫిల్టర్ ఆపేయవచ్చు, అది కూడా మౌనంగానే ఉంటుంది.

చిన్నదే గానీ తరచూ కొంప ముంచేది: ప్రొఫెసర్ పేరు, పేపర్ శీర్షిక కాపీ చేసి అతికించినప్పుడు అక్షరాల సైజూ రంగూ మారిపోతాయి. మిగతా మెయిల్ అంతా అచ్చు వేసినది, పేరొక్కటి మార్చినది అని ఎదుటివాళ్ళకి ఇట్టే కనబడుతుంది. అతికించేటప్పుడు ఫార్మాటింగ్ లేకుండా అతికించండి. అలాగే ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఐదుగురికి ఒకే రోజు రాయకండి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

10 నుంచి 14 రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తుచేయండి. దానికీ రాకపోతే వదిలేయండి.

పుట్టగొడుగు:

సీవీ గురించి నేను చెప్తాను. మాస్టర్స్ స్థాయిలో పేపర్ లేకపోవడం లోపం కాదు, దీన్ని మనసులోంచి తీసేయండి. లోపం ఏమిటంటే, పేపర్ లేదని ఆ ఖాళీని వర్క్‌షాపులతో, ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లతో, హాజరైన సెమినార్లతో నింపడం. అసలు పని వాటి కింద కప్పుకుపోతుంది.

రెండు పేజీలు. చదువు (గ్రేడుతో పాటు స్కేలు రాయాలి, 8.4 అంటే పదికా, దేనికి అన్నది విదేశంలో తెలియదు), తర్వాత వెంటనే పరిశోధన అనుభవం. ఒక్కో ప్రాజెక్టుకి: ప్రశ్న, మీరు చేసినది, వచ్చినది, గైడ్ పేరు, ఎన్ని నెలలు. నాలుగు పంక్తులు.

టెక్నిక్‌ల జాబితా దగ్గరే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. పీసీఆర్, ఎలైసా, ఫ్లో సైటోమెట్రీ, క్రిస్పర్ అని ఇరవై పేర్లు వరసగా పేర్చితే, వాటిలో ఏది చేశారో, ఏది క్లాసులో చూశారో ఎవరికీ తెలియదు. మూడు వరుసలుగా విడదీయండి: ఒంటరిగా చేసి, తప్పు వస్తే సరిచేసుకోగలిగేవి, ప్రోటోకాల్ చేతిలో ఉంటే చేయగలిగేవి, ఇతరులతో కలిసి చేసినవి. మొదటి వరుసలో నాలుగే ఉన్నా పరవాలేదు. కానీ ఒక్కొక్కటి వివరంగా రాయండి: "ఈస్ట్ జీన్ డిలీషన్, పీసీఆర్ క్యాసెట్‌తో హోమోలోగస్ రీకాంబినేషన్, 5 స్ట్రెయిన్లు, రెండు జంక్షన్ల దగ్గరా కాలనీ పీసీఆర్‌తో నిర్ధారణ." ఇది చదివిన పీఐ మీ చేతికి మొదటి వారంలోనే పని ఇవ్వగలరు. మూడో వరుసలో ఉన్నదాన్ని మొదటి వరుసలో పెడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నీళ్ళు నమలాల్సి వస్తుంది.

కోడ్ రాసి ఉంటే, బొమ్మలు కొలిచే ఇమేజ్‌జే మాక్రో అయినా సరే, గణాంకాల ఆర్ స్క్రిప్ట్ అయినా సరే, గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. రీడ్‌మీ ఫైలు తప్పనిసరి, ఇన్‌పుట్ ఏమిటి, అవుట్‌పుట్ ఏమిటి అన్న పది పంక్తులు. ఆర్కిడ్ నంబర్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఉచితం, 16 అంకెలు, ఇప్పుడే తీసుకోండి, రేపు పేపర్ వచ్చినప్పుడు అందులో చేరుతుంది.

"తయారీలో ఉన్న పేపర్" అని రాయాలా? ప్రీప్రింట్ ఉంటే డీఓఐతో (దాని శాశ్వత గుర్తింపు సంఖ్యతో) రాయండి. జర్నల్‌కి పంపి ఉంటే "సమర్పించాం" అనండి. డ్రాఫ్టే లేనిదాన్ని "తయారీలో" అని రాయకండి, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు, పైగా "డ్రాఫ్ట్ పంపండి" అంటే ఇరుక్కుంటారు. మధ్య రచయితగా పేరున్న పేపర్ ఎప్పుడైనా వస్తే, పక్కన మీ వాటా రాయండి: "రెండో బొమ్మలో బ్లాట్‌లు, వాటి క్వాంటిఫికేషన్ నావి."

ఫోటో, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, వైవాహిక స్థితి, మతం, ఇవేవీ అడిగితే తప్ప వద్దు. "పై వివరాలు నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న డిక్లరేషన్, సంతకం కూడా వద్దు.

మోటివేషన్ లెటర్ అడిగితే ఒక పేజీ. చిన్నప్పటి ఆసక్తితో మొదలుపెట్టకండి. ప్రకటనలో "తప్పనిసరి", "ఉంటే మంచిది" అని రెండు జాబితాలుంటాయి. తప్పనిసరి అన్న ప్రతి అంశానికీ మీ లెటర్‌లోనో సీవీలోనో ఒక రుజువు వాక్యం ఉండాలి. కొన్ని యూనివర్సిటీల్లో మొదటి వడపోతలో ఆ జాబితా పక్కన పెట్టుకుని టిక్కులు కొడతారు. ఒక అంశం మీకు లేకపోతే దాచకండి, దానికి దగ్గరగా ఏముందో చెప్పండి: "మామేలియన్ సెల్ కల్చర్ చేయలేదు, ఈస్ట్‌లో లైవ్ ఇమేజింగ్ చేశాను." ఏఐ టూల్‌తో లెటర్ మొత్తం రాయించి పంపడం ఇప్పుడు ఎక్కువైంది. ఇంగ్లీషు దిద్దించుకోండి, తప్పులేదు. కానీ రాయించుకుంటే అన్ని లెటర్లూ ఒకే గొంతుతో ఉంటాయి. మీ థీసిస్ ఫలితం, దానిలో మీకు అర్థం కానిది, వాళ్ళ ల్యాబ్‌లో దాన్ని ఎలా తేల్చవచ్చు అన్న మూడు ముక్కలు మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.

సెంట్రిఫ్యూజ్:

రిఫరెన్స్‌ల గురించి. థీసిస్ గైడ్ పేరు లేకుండా అప్లికేషన్ వస్తే, కమిటీకి వచ్చే మొదటి సందేహం అదే: ఎందుకు లేదు? కాబట్టి మొదటి పేరు గైడ్‌ది. రెండోది మిమ్మల్ని ల్యాబ్‌లోనో ఇంటర్న్‌షిప్‌లోనో దగ్గరగా చూసినవారిది. మూడోది అడిగితే, బాగా మార్కులు వచ్చిన కోర్సు చెప్పినవారిది. పెద్ద హోదా ఉండి మీరెవరో తెలియనివారి లెటర్ కంటే, మీ పక్క బెంచిలో పనిచేసిన సీనియర్ సైంటిస్ట్ లెటర్ విలువైనది. అందులో "రెండు నెలలు ట్రాన్స్‌ఫర్మేషన్ ఫెయిలైతే, కాంపిటెంట్ సెల్స్ బ్యాచ్ మార్చి, కంట్రోల్ ప్లాస్మిడ్‌తో ఎఫిషియెన్సీ కొలిచి కారణం పట్టుకుంది" అన్న వాక్యం ఉంటుంది. మొదటివారి లెటర్‌లో "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని ఉంటుంది.

కనీసం 4 వారాల ముందు అడగండి. అడిగేటప్పుడు "లెటర్ ఇస్తారా" అనకండి, "నాకు బలంగా రాయగలరా" అనండి. వాళ్ళు వెనకాడితే అది మీకు అప్పుడే తెలియాలి. ఒప్పుకున్నాక ఒకే మెయిల్‌లో ఇవి పంపండి: సీవీ, మోటివేషన్ లెటర్, మార్కుల జాబితా, యూనివర్సిటీ పేరు, ప్రోగ్రామ్, డెడ్‌లైన్ (ఏ టైమ్ జోన్‌లో అన్నది కూడా), ఎలా పంపాలి అన్న పట్టిక, ఇంకా వాళ్ళు మరచిపోయి ఉండగల నాలుగైదు వాస్తవాలు.

పోర్టళ్ళు మూడు రకాలు. కొన్నింటిలో మీరు పేరు నింపగానే రిఫరీకి లింకు వెళ్తుంది. కొన్నింటిలో మీరు సబ్మిట్ నొక్కాకే వెళ్తుంది. అలాంటిదాన్ని చివరి రోజు రాత్రి సబ్మిట్ చేస్తే రిఫరీకి కొన్ని గంటలే మిగులుతాయి. మూడో రకంలో షార్ట్‌లిస్ట్ అయ్యాకే అడుగుతారు. మీది ఏదో ముందే చూసుకోండి. రిఫరీల ఈమెయిల్ సంస్థది ఇవ్వాలి, వ్యక్తిగత జీమెయిల్ ఇస్తే కొన్ని పోర్టళ్ళు ఒప్పుకోవు. లింకు స్పామ్‌లో పడడం మామూలు, కాబట్టి లింకు వెళ్ళిన రోజే వాళ్ళకి ఒక మాట చెప్పండి. డెడ్‌లైన్‌కి వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి గుర్తుచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికా ఫారాల్లో "లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నాను" అన్న గడి ఉంటుంది, టిక్ చేయండి. చేయకపోతే లెటర్ రాసినవారు మనసు విప్పి రాశారా అన్న అనుమానం మిగులుతుంది.

మొలక:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. గ్రాంట్ ముగింపు తేదీలు చూడవచ్చని అసలు తెలియదు. రెండు సందేహాలు మిగిలాయి. మా గైడ్ "నువ్వే లెటర్ రాసి తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు. ఏం చేయాలి? రెండోది, ఇంటర్వ్యూలో 15 నిమిషాలు థీసిస్ గురించి చెప్పమంటారట. ఎలాంటి ప్రశ్నలు వస్తాయి?

సెంట్రిఫ్యూజ్:

లెటర్ మొత్తం మీరు రాయకండి. నిజాయితీ సంగతి ఒకటి, దాంతో పాటు పని కూడా చెడుతుంది: మీ మోటివేషన్ లెటర్, ఆయన లెటర్ ఒకే చేతి వాక్యాలతో ఉంటే చదివేవారు పోల్చుకోగలరు. పైగా మన గురించి మనం రాసుకునేటప్పుడు బెరుకుతో చప్పగానైనా రాస్తాం, లేదా విశేషణాలు గుప్పిస్తాం. "సర్, మీకు సమయం ఆదా అయ్యేలా వివరాలన్నీ పాయింట్లుగా తెచ్చాను" అని ఒక పేజీ ఇవ్వండి: ఎప్పుడు చేరారు, ఏ ప్రశ్న, ఏ ప్రయోగం ఎక్కడ ఆగింది, దాన్ని ఎలా దాటారు, ఎవరికైనా ఏదైనా నేర్పారా, ల్యాబ్‌లో ఏ బాధ్యత చూశారు. ఆ పాయింట్లు ఉంటే ఆయనకు అరగంట పని. పోల్చి చెప్పే వాక్యం, "ఇన్నేళ్ళలో నేను చూసిన విద్యార్థుల్లో ఈమె స్థానం ఇది" అన్నది, ఆయనే రాయాలి. కమిటీ వెతికేది దాన్నే.

అగార్‌ప్లేట్:

15 నిమిషాలకి 10 స్లైడ్లు, 12 దాటవద్దు. 13 నిమిషాల్లో ముగిసేలా గడియారం పెట్టుకుని సాధన చేయండి. మొదటి రెండు నిమిషాల్లో ప్రశ్న ఏమిటో, అది ఎందుకు తేలలేదో చెప్పేయాలి. చాలామంది ఆటోఫజీ చరిత్ర, ఏటీజీ జీన్‌ల పట్టిక చెప్పుకుంటూ ఆరు నిమిషాలు తినేస్తారు, చివరికి సొంత డేటా హడావిడిగా దాటేస్తారు. కమిటీలో సగంమంది మీ రంగం వాళ్ళు కారు, కానీ వాళ్ళకి కావలసింది మీరు డేటాతో ఎలా తర్కిస్తారన్నదే. ప్రతి స్లైడ్ శీర్షిక ఒక నిర్ధారణ వాక్యంగా ఉండాలి. "వెస్టర్న్ బ్లాట్ ఫలితాలు" అన్నది శీర్షిక కాదు.

మీ థీసిస్‌కే వచ్చే ప్రశ్నలు కొన్ని చెప్తాను. వీటికి జవాబులు నోటికి రావాలి.

ఫ్రీ జీఎఫ్‌పీ బ్యాండ్ కనబడితే అది ఆటోఫజీ వల్లే అని ఎలా తెలుసు? (ఏటీజీ1 లేని స్ట్రెయిన్‌లో ఆ బ్యాండ్ రాకూడదు. వాక్యుయోల్ ప్రోటియేజ్‌లు పనిచేయని పీఈపీ4 మ్యూటెంట్‌లోనూ రాకూడదు. ఈ రెండు కంట్రోళ్ళలో ఏవి చేశారు, ఏది చేయలేదు, చేయకపోతే ఎందుకు?) బ్యాండ్ శాతం ఎలా లెక్కించారు, మొత్తం జీఎఫ్‌పీలో వాటాగానా, లోడింగ్ కంట్రోల్‌తోనా? బ్యాండ్ సంతృప్తం అయిపోయిన ఎక్స్‌పోజర్‌లో కొలవలేదు కదా? "ఎన్ 3" అన్నారు, అవి మూడు వేర్వేరు రోజుల్లో వేర్వేరు కాలనీల నుంచి పెంచిన కల్చర్లా, లేక ఒకే లైసేట్‌ని మూడు వెల్స్‌లో వేశారా? మొదటిది బయలాజికల్ రెప్లికేట్, రెండోది టెక్నికల్. రెండోదాని మీద టీ-టెస్ట్ చేసి పీ విలువ చూపిస్తే టాక్ అక్కడితో నీరసపడిపోతుంది. ఎర్రర్ బార్లు ఎస్‌డీనా (స్టాండర్డ్ డీవియేషన్), ఎస్‌ఈఎమ్‌నా (సగటు స్టాండర్డ్ ఎర్రర్)? మైక్రోస్కోపీలో సెల్స్ లెక్కపెట్టినవారికి ఏది మ్యూటెంటో ముందే తెలుసా?

ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: "మీ ఊహ తప్పయితే ఈ గ్రాఫ్ ఎలా ఉండేది?" దీనికి సిద్ధంగా ఉండండి. చివరి స్లైడ్‌లో "భవిష్యత్ ప్రణాళిక" అని ఐదు పనులు పెట్టకండి, ఒక్క ప్రయోగం పెట్టండి, దాని రెండు ఫలితాల్లో ఏది వస్తే ఏమనుకుంటారో చెప్పండి.

తెలియని ప్రశ్న వస్తే "తెలియదు" అనడం ఒక్కటే చాలదు. "అది చూడలేదు, చూడాలంటే ఈ స్ట్రెయిన్‌లో ఇలా చేస్తాను" అనాలి. ఊహించి చెప్పేటప్పుడు ఊహ అని చెప్పండి. పని చేయని ప్రయోగం గురించి అడిగితే దాచకండి, ఏమేం మార్చి చూశారో వరసగా చెప్పండి. ఒక్కోసారి ఎంపిక ఆ జవాబు మీదే జరుగుతుంది.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే స్లైడ్ల పీడీఎఫ్ ముందే ఆతిథ్య ల్యాబ్‌కి పంపి ఉంచండి. స్క్రీన్ షేర్ మొరాయిస్తే వాళ్ళ దగ్గర తెరుచుకోవచ్చు.

కీటకం:

పైన అంతా బెంచి పని చేసేవాళ్ళకి సరిపోతుంది. ఇదే చర్చలో ఎకాలజీ వాళ్ళు చదువుతుంటే రెండు మాటలు. ఫీల్డ్ పనికి తీసుకునేవాళ్ళు సీజన్‌కి నెలల ముందే మనుషుల్ని కుదుర్చుకుంటారు, పక్షులు గుడ్లు పెట్టే కాలం అడ్మిషన్ కోసం ఆగదు. సీవీలో ఏ జాతుల గుంపుని ఎంత స్థాయిలో గుర్తించగలరు (కుటుంబం దాకానా, జాతి దాకానా), డ్రైవింగ్ లైసెన్స్, ప్రథమ చికిత్స శిక్షణ, మారుమూల చోట ఎంతకాలం ఉండగలరు అన్నవి స్పష్టంగా రాయండి. ఆర్‌లో మిక్స్‌డ్ మోడల్స్ వాడి ఉంటే, ర్యాండమ్ ఎఫెక్ట్‌గా దేన్ని పెట్టారో ఎందుకో చెప్పగలగాలి.

ఎలుకల మీద పని ఉండే ల్యాబ్‌లకి అప్లై చేసేవారు జంతు ప్రయోగాల శిక్షణ ఉంటే కోర్సు పేరు, తేదీతో రాయండి. యూరప్‌లో ఫెలాసా (ప్రయోగశాల జంతువుల శాస్త్ర సంఘాల సమాఖ్య) గుర్తింపు ఉన్న కోర్సు అయితే ఆ మాట కూడా.

పుట్టగొడుగు:

ఇంటర్వ్యూ రోజు మీరు అడిగే ప్రశ్నలు కూడా తయారుగా పెట్టుకోండి. ల్యాబ్‌లోని విద్యార్థులతో పీఐ లేకుండా మాట్లాడే సమయం ఇస్తారు. ఇవ్వకపోతే అడగండి. అడిగినా కుదరదంటే దాన్ని ఒక సమాధానంగా తీసుకోండి.

వాళ్ళని అడగవలసినవి: గత నలుగురు విద్యార్థులు ఎన్నేళ్ళలో బయటపడ్డారు? మధ్యలో వెళ్ళిపోయినవారు ఉన్నారా? పీఐతో విడిగా కూర్చునేది వారానికా, నెలకా? డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది? ఇద్దరు ఒకే ప్రాజెక్టు మీద ఉంటే మొదటి పేరు ఎవరిది అన్నది ముందే తేలుస్తారా? సెలవు అడగడం తేలికేనా? ముందే మీరు చేసుకోగల పని ఒకటుంది. ల్యాబ్ పేజీలో పాత సభ్యుల జాబితా తీసుకుని, పీహెచ్‌డీ విద్యార్థుల పేర్లు పబ్‌మెడ్‌లో (బయోమెడికల్ పేపర్ల ఉచిత సూచికలో) వెతకండి. ఒక్కొక్కరికీ మొదటి రచయితగా కనీసం ఒక పేపర్ ఉందా? ల్యాబ్‌కి పెద్ద జర్నల్‌లో రెండు పేపర్లుండి, ఆరుగురు విద్యార్థుల పేర్లు ఎక్కడా లేకుండా మాయమైతే, ఆ ఆరుగురిలో ఒకరికి రాసి కనుక్కోండి.

వలసపిట్ట:

ఆఫర్ వచ్చాక చూసుకోవలసినవి కూడా రాసేస్తాను, అప్పుడు తొందరలో అడగడం మరచిపోతారు.

కాంట్రాక్ట్ ఎన్నేళ్ళది, డిగ్రీ సగటున ఎన్నేళ్ళు పడుతుంది, ఆ రెంటికీ మధ్య తేడా ఉంటే ఆ కాలానికి జీతం ఎవరిది? జర్మనీలో లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీ కాంట్రాక్టులు 65 శాతం అని ఉండడం మామూలు. అంటే జీతం 65 శాతం, పని మాత్రం సాధారణంగా పూర్తిగా. అది తెలిసి ఒప్పుకోవాలి. జీతమా, స్టైపెండా? జీతమైతే సాధారణంగా ఆరోగ్య బీమా, పెన్షన్ కోతలు అందులోనే ఉంటాయి. స్టైపెండ్ అయితే బీమా మీరే కట్టుకోవలసి రావచ్చు. ట్యూషన్ ఫీజు మాఫీ అయిందని లెటర్‌లో రాసి ఉందా, మొదటి ఏడాదికేనా, చివరిదాకానా? బోధన బాధ్యత వారానికి ఎన్ని గంటలు? ఇవన్నీ మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి. "ఆఫర్ ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ కట్టండి" అని ఎవరైనా అడిగితే అది మోసం. అమెరికాలో అప్లికేషన్ ఫీజు ఉండడం మాత్రం మామూలే. మినహాయింపు అడిగే ఫారం చాలా ప్రోగ్రామ్‌లలో ఉంటుంది, అది కూడా డెడ్‌లైన్ లోపే పెట్టుకోవాలి. మెయిల్ డొమైన్ యూనివర్సిటీదేనా అని చూసుకోండి.

ఒక చోట ఆఫర్ వచ్చి, ఎక్కువ ఇష్టమైన చోట ఫలితం ఇంకా రాకపోతే, ఆఫర్ ఇచ్చినవారిని "రెండు వారాలు గడువిస్తారా" అని అడగడంలో తప్పులేదు. ఇష్టమైన చోట కోఆర్డినేటర్‌కి కూడా "నాకు ఫలానా తేదీ లోపు జవాబివ్వవలసిన ఆఫర్ ఉంది, మీ నిర్ణయం ఎప్పటికి రావచ్చు" అని రాయండి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఆర్థిక సహాయంతో ఇచ్చే ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు బలవంతం చేయవు. యూరప్ పొజిషన్లకి ఆ తేదీతో సంబంధం లేదు, అక్కడ వారంలో తేల్చమనవచ్చు.

ఒకటి ఒప్పుకున్నాక మిగతా అప్లికేషన్లన్నీ అదే రోజు ఉపసంహరించుకోండి. పోర్టల్‌లో బటన్ లేకపోతే రెండు పంక్తుల మెయిల్ చాలు. మీ పేరు తీస్తేనే వెయిటింగ్ లిస్ట్‌లో తర్వాతి మనిషికి కబురు వెళ్తుంది.